ఆపరేషన్ రోజు సరే, మర్నాటి నుంచి ఏంటి?

ప్రశ్న: మాది గాజువాక. నా వయసు 46. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. కుడి రొమ్ములో గడ్డ తగిలితే పరీక్షలు చేయించాం. క్యాన్సర్ అన్నారు. రెండు చోట్ల ఉంది కాబట్టి రొమ్ము మొత్తం తీసేయాలి, చంకలో గ్రంథులు కూడా తీస్తాం అన్నారు డాక్టరు గారు. ఇంకో రెండు వారాల్లో ఆపరేషన్. ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉండాలి, నొప్పి ఎంత ఉంటుంది, ఈ చెయ్యి మళ్లీ కత్తెర పట్టుకుంటుందా, ఇవేవీ అక్కడ అడగలేకపోయాను. ఎవరికీ చెప్పొద్దని మా అత్తగారు అంటున్నారు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దానికి కడుపులో గడ్డ అని చెప్పాం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి.
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి అలాగే చెబుతాను. నేను డాక్టర్ని కాను. ఏడేళ్ల కిందట ఇదే ఊళ్లో ఎడమవైపు ఇదే ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. అప్పట్నుంచీ మా వీధిలో, మా చుట్టాల్లో ఎవరికి ఈ అవసరం వచ్చినా ఫోను నాకే వస్తుంది. అందరూ అడిగేది ఆపరేషన్ రోజు గురించే. ఆ రోజు మనం చేసేదేమీ ఉండదు. మత్తిస్తారు, నిద్రపోతాం, లేచేసరికి అయిపోయి ఉంటుంది. మన పని మర్నాటి నుంచి మొదలవుతుంది. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

మొదట, మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. మొత్తం తీయాల్సిందేనా? చాలామందికి గడ్డ వరకే తీసి తర్వాత రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. అమెరికాలోను, ఇటలీలోను రెండు రకాల ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లని ఇరవయ్యేళ్లు గమనించి 2002లో ఫలితాలు బయటపెట్టారు. రొమ్ము మొత్తం తీసినవాళ్లూ, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ ఒకేలా బతికారు. అయితే గడ్డలు వేరు వేరు చోట్ల ఉంటే, లేదా రొమ్ము సైజుకి గడ్డ మరీ పెద్దదైతే మొత్తం తీయడమే మేలని చాలాసార్లు చెబుతారు. మీ డాక్టరు చెప్పిన కారణం అదే. అయినా ఒకసారి నోరు విప్పి అడగండి. ఇంకో డాక్టరుకి చూపించుకోవాలనిపిస్తే వారం రోజుల్లో కొంపలేమీ మునిగిపోవు. నెలలు తాత్సారం చేస్తేనే ముప్పు. అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. ఊళ్లోకి వస్తే కేజీహెచ్, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రి, ఉంది. వెళ్తే మామోగ్రామ్ ఫిల్ములు, బయాప్సీ రిపోర్టు, స్కానులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద (మనమింకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ కూడా వస్తాయి. కానీ ముందు అనుమతి రావాలి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గరకి ఈ వారమే వెళ్లండి. ఆపరేషన్ ముందు రోజు వెళ్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఆపరేషన్‌కి ముందు రక్త పరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే గుండెకి ఎకో చేస్తారు. మత్తు డాక్టరు వేరేగా చూస్తారు. షుగరుకి, బీపీకి, రక్తం పలచబడడానికి మీరు వేసుకునే బిళ్లలేమన్నా ఉంటే ఆ డబ్బాలే తీసుకెళ్లి చూపించండి, పేర్లు గుర్తుపెట్టుకోవడంలో తప్పు పోతాం. ముందు రోజు రాత్రి తిన్నాక ఇంకేమీ తినొద్దంటారు. నీళ్లు ఎప్పటివరకు తాగొచ్చో వాళ్లే చెబుతారు. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, సూత్రాలు అన్నీ తీయమంటారు. లోపల కరెంటుతో కోసే పరికరం వాడతారు, లోహం ఉంటే చర్మం కాలే ప్రమాదం ఉంది. సూత్రాలు తీయడం దగ్గరే చాలామంది కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మా వదిన నాకు పసుపుకొమ్ము కట్టిన దారం మెళ్లో వేసింది. థియేటర్ గుమ్మం దాకా ఉంచుకోనిచ్చారు.

ఆపరేషన్ రెండు మూడు గంటలు పడుతుంది. రొమ్ము, చనుమొనతో సహా తీసేస్తారు. దాని కింద ఉన్న ఛాతీ కండ ఈ రోజుల్లో తీయరు. వందేళ్ల కిందట కండరాలు కూడా కోసేసేవాళ్లు, అందుకే పాతతరం వాళ్లు ఈ ఆపరేషన్ పేరు చెబితేనే ఉలిక్కిపడతారు. చంకలో గ్రంథులు మీకు తీస్తామన్నారు. కొందరికి మాత్రం ముందు నీలం రంగు మందు ఎక్కించి, ఆ రంగు మొదట చేరిన ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి చూస్తారు. మీకూ అలా చేస్తే మర్నాడు మూత్రం ఆకుపచ్చగా, నీలంగా వస్తుంది. కంగారు పడకండి, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ సంగతి తెలియక మా పిన్ని కూతురు అర్ధరాత్రి వార్డంతా లేపింది.

మెలకువ వచ్చేసరికి గొంతు గరగరలాడుతుంది, లోపల గొట్టం పెట్టి తీస్తారు కాబట్టి. దాహం వేస్తుంది. వాంతి వచ్చినట్టుంటుంది, చెబితే ఇంజెక్షన్ ఇస్తారు. ఇక నొప్పి. నాకు రెండు సిజేరియన్లు అయ్యాయి. ఆ నొప్పితో పోలిస్తే ఇది తక్కువ. పొట్ట కోయరు కాబట్టి లేచి కూర్చోవడం, నడవడం, బాత్రూముకి వెళ్లడం ఆ సాయంత్రమో మర్నాడో అయిపోతుంది. కాళ్లల్లో రక్తం గడ్డకట్టకుండా నడవమని వాళ్లే లేపుతారు. నొప్పి కంటే ఇబ్బంది పెట్టేది బిగుతు. రెండు సైజులు చిన్న జాకెట్టు తొడిగి హుక్సు పెట్టేసినట్టు ఉంటుంది ఛాతీ. చంక కింద, చేతి లోపలి వైపు మొద్దుబారిపోతుంది. అక్కడ చర్మానికి వెళ్లే నరం చంకలోంచే వెళ్తుంది, గ్రంథులు తీసేటప్పుడు అది తెగడమో సాగడమో జరుగుతుంది. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నాకు ఇప్పటికీ అరచెయ్యంత మేర స్పర్శ లేదు. ఇంకో విచిత్రం చెబుతాను, నవ్వకండి. లేని రొమ్ము దురద పెడుతుంది. గోక్కుందామని చెయ్యి వెళ్తుంది, అక్కడేమీ ఉండదు. పిచ్చెక్కిందేమో అనుకున్నాను. చాలామందికి ఉంటుందట.

రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కొన్నిచోట్ల గొట్టం తీసేదాకా ఉంచుతారు. ఆ గొట్టం గురించి కాస్త వివరంగా రాయాలి, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

కోసిన చోట నీరు ఊరుతుంది. అది లోపల చేరకుండా చంక కింద నుంచి సన్నటి గొట్టం, దాని చివర నొక్కితే మడిచిపోయే చిన్న డబ్బా పెడతారు. డ్రెయిన్ అంటారు. ఒకటి ఉండొచ్చు, రెండు ఉండొచ్చు. మొదటి రోజు అందులో రక్తమే కనిపిస్తుంది, తర్వాత కొబ్బరినీళ్లలో కుంకుమ కలిపినట్టు, చివరికి లేత పసుపు రంగులోకి వస్తుంది. రోజూ ఒకే టైముకి దాన్ని ఖాళీ చేసి కొలవాలి. చేతులు కడుక్కోవాలి, గొట్టానికున్న క్లిప్పు వేయాలి, మూత తీసి కొలత గీతలున్న కప్పులోకి ఒంపాలి. డబ్బాని పూర్తిగా నొక్కి గాలంతా పోయాక, నొక్కి ఉంచే మూత పెట్టాలి. అప్పుడే అది లోపల్నుంచి లాగుతుంది. చివర్న క్లిప్పు తీయడం మర్చిపోకండి. నేను ఒక రాత్రంతా మర్చిపోయాను, పొద్దున చూస్తే డబ్బాలో చుక్క లేదు, పక్కన చర్మం ఉబ్బింది. ఆ డబ్బా పక్కనే పాల లెక్క రాసే పుస్తకం పెట్టుకుని రాసేదాన్ని: 70, 55, 48, 40. రోజుకి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గి రెండు రోజులు అలాగే ఉంటే సాధారణంగా తీసేస్తారు. ఎక్కువమందికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పక్కింటావిడకి ఆరో రోజు తీశారు, నాకు పద్నాలుగు రోజులైనా తీయలేదని బెంగపెట్టుకోకండి, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు. తీసేటప్పుడు గట్టిగా ఊపిరి తీసుకోమంటారు, ఒక్క క్షణం లోపల పాము కదిలినట్టు ఉంటుంది, అంతే. తీసేశాక అక్కడ మళ్లీ నీరు చేరితే సిరంజితో లాగేస్తారు. ఆ చోటు మొద్దుబారి ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు.

ఆ డబ్బాని ఎక్కడ పెట్టుకోవాలి? నైటీకి పిన్నీసుతో తగిలించమన్నారు నన్ను. విశాఖ ఉక్కపోతలో, చెమటలో, ఆ బరువుకి నైటీ భుజం మీదనుంచి జారిపోయేది. మీకేం, మిషను ఉంది. పలచటి కాటన్ గుడ్డతో అరచెయ్యి కంటే కొంచెం పెద్ద సంచి, మెళ్లో వేసుకుంటే నడుము దాకా వచ్చే పట్టీతో కుట్టుకోండి. గొట్టం బయటకి రావడానికి పైన ఒక పక్క సందు వదలండి. రెండు కుట్టండి, ఒకటి ఉతుక్కుంటే ఒకటి. నాలుగు నైటీలకి ముందంతా విప్పి బొత్తాలు పెట్టుకోండి. మూడు వారాలు తల మీదనుంచి తొడిగేవేవీ వేసుకోలేరు. డ్రెయిన్ ఉన్నన్నాళ్లూ తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే. ఆసుపత్రి నుంచి రాగానే తలంటు పోయాలని పెద్దవాళ్లు పట్టుబడతారు. కట్టు తడవకూడదని డాక్టరు చేతే చెప్పించండి, మన మాట వినరు.

ఇంటికొచ్చాక జ్వరం 100.4 దాటినా, డబ్బా ఉన్నట్టుండి ఎర్రటి రక్తంతో నిండినా, కుట్ల దగ్గర ఎరుపు, వాపు, వాసన పెరుగుతున్నా, పిక్కలో వాపు నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి.

కట్టు విప్పిన రోజు సంగతి. ఆసుపత్రిలో నర్సు విప్పుతుంటే నేను గోడవైపు చూశాను. ఇంటికొచ్చి మూడు రోజులు అద్దం లేని గదిలోనే బట్టలు మార్చుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే ఎవరూ లేవకముందు చూసుకున్నాను. మీకైతే నేను సులభంగా చెప్పగలను. రొమ్ము ఎముక దగ్గర మొదలై చంక దాకా ఏటవాలుగా ఒకే కుట్టు. పైన గుడ్డ, కింద గుడ్డ దగ్గరకి లాగి కలిపేశారు, అంతే. చంక చివర కొంచెం చర్మం మిగిలి ముడతపడి ఉంటుంది. రెండు అంచులు సమానంగా లేనప్పుడు మిషను మీద చివర్లో మిగులు పోగుపడుతుంది చూడండి, అచ్చం అదే. డాక్టర్లు దానికి కుక్క చెవి అని పేరు పెట్టారు. కొన్నాళ్లకి సర్దుకుంటుంది, సర్దుకోకపోతే తర్వాత చిన్నగా సరిచేస్తారు. ఏడుపు వస్తే ఏడవండి. మొదటిసారి ఒంటరిగా చూసుకోవాలా, మీ ఆయన పక్కనుండాలా అన్నది మీ ఇష్టం. కానీ ఆయన్ని నెలల తరబడి చూడనివ్వకపోతే మనసులో ఊహలు పెరుగుతాయి. మా ఆయన చూసి, "కుట్లు సన్నగా వేశాడే" అన్నాడు. ఆ మాటకి కోపం వచ్చింది, కాసేపటికి నవ్వొచ్చింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, చెయ్యి. కత్తెర పడుతుంది. కానీ చెయ్యిని మీరే దారికి తెచ్చుకోవాలి. మర్నాటి నుంచే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి ఆడించాలి. పిడికిలి మూసి తెరవాలి. డ్రెయిన్ ఉన్నంతకాలం చేతిని భుజం ఎత్తు దాటించొద్దంటారు. తీశాక గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లతో సాలీడులా కొంచెం కొంచెం పైకి పాకించాలి. ఎంతవరకు వెళ్లిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, రోజూ గీత కాస్త పైకి జరగాలి. నేను చేసిన తప్పు ఇక్కడే. కుట్లు పిగిలిపోతాయన్న భయంతో మూడు వారాలు చెయ్యి కడుపుకి అంటించుకుని కూర్చున్నాను. భుజం బిగుసుకుపోయింది. రేడియేషన్ ఇచ్చేటప్పుడు చెయ్యి తల పైకెత్తి కదలకుండా పడుకోవాలి. నాది లేవలేదు. ఫిజియోథెరపీ చేయించుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా లాగించుకుని, పది రోజులు ఆలస్యంగా మొదలుపెట్టారు.

నాలుగు నుంచి ఆరు వారాల దాకా బిందె, గ్యాస్ బండ, నిండు బకెట్ ఎత్తకండి. మిషను మీద చిన్న చిన్న కుట్టుపని మెల్లగా మొదలుపెట్టొచ్చు. మందపాటి గుడ్డలు కత్తిరించడం, ఇస్త్రీ పెట్టె గంటల తరబడి పట్టుకోవడం ఆఖర్న. పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు మాత్రం ఒప్పుకోకండి.

గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే అవకాశం ఎప్పటికీ కొంత ఉంటుంది. లింఫెడెమా అంటారు. గ్రంథుల గుండా పోవాల్సిన నీరు దారి లేక చేతిలో నిలిచిపోతుంది. నెలల తర్వాతైనా, ఏళ్ల తర్వాతైనా రావొచ్చు. అందరికీ రాదు. మొదట్లోనే పట్టుకుంటే అదుపులో ఉంటుంది. మీ మెళ్లో టేపు ఎప్పుడూ ఉంటుంది కదా. ఆపరేషన్‌కి ముందే రెండు చేతులూ కొలిచి రాసిపెట్టుకోండి: మణికట్టు, మోచెయ్యికి పది సెంటీమీటర్ల కింద, పది సెంటీమీటర్ల పైన. నెలకోసారి అవే చోట్ల కొలవండి. టేపు లేనివాళ్లకి గాజులు చెబుతాయి, రోజూ జారే గాజు ఒకరోజు పట్టేస్తుంది. రెండు సెంటీమీటర్లు తేడా వస్తే డాక్టరు దగ్గరకి వెళ్లండి. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి మందు రాయండి, ఆ చేతికి చీము పట్టనివ్వకూడదు. బీపీ చూడ్డం, సూదులు వేయడం వీలైనంతవరకు ఎడమచేతికే చేయించుకోండి.

తిండి విషయంలో మనవాళ్లు పత్యం పేరుతో పప్పు మానిపిస్తారు, గుడ్డు మానిపిస్తారు, చీము పడుతుందని. పుండు మానడానికి కావాల్సిందే అవి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు అన్నీ తినండి. షుగరు ఉంటే అదుపులో ఉంచుకోండి, చీము పట్టే అవకాశాన్ని పెంచేది అది. వంకాయని అనవసరంగా ఆడిపోసుకుంటారు.

తీసిన దాన్ని ల్యాబుకి పంపిస్తారు. రిపోర్టు రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు. ఆపరేషన్ కంటే ఈ ఎదురుచూపే కష్టం. గడ్డ ఎంత పెద్దది, ఎన్ని గ్రంథుల్లో ఉంది, హార్మోన్లకి స్పందించే రకమా, హెర్-2 (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) ఎక్కువగా ఉందా అన్నవి అందులో, బయాప్సీ రిపోర్టులో ఉంటాయి. దాన్నిబట్టి కీమో కావాలా, రేడియేషన్ కావాలా, ఐదేళ్లో పదేళ్లో రోజూ ఒక బిళ్ల వేసుకుంటే చాలా అన్నది తేలుతుంది. "మొత్తం తీసేశారు కదా, ఇంకా కీమో ఎందుకు?" అని మీవాళ్లు అడుగుతారు. కంటికి కనిపించని కణాలు ఒంట్లో ఎక్కడైనా ఉంటే వాటి కోసం.

కొత్త రొమ్ము కట్టించుకోవడం అప్పుడే చేయొచ్చు, ఏళ్ల తర్వాతైనా చేయొచ్చు, అసలు వద్దనుకోవచ్చు. నేను వద్దనుకున్నాను. గాయం పూర్తిగా మానేదాకా, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు, రొమ్ము ఉండాల్సిన చోట జాకెట్టు లోపల మెత్తటి దూది దిండు పెట్టుకోవాలి. ఆ తర్వాత సిలికాన్‌ది, బరువుతో సహా అసలుదానిలాగే ఉంటుంది. ఒకవైపు బరువు లేకపోతే భుజం ఎగిసి మెడ నొప్పి వస్తుంది, అందుకని పెట్టుకోవడం మంచిదే. జాకెట్టు లోపల జేబు కుట్టి అందులో పెట్టుకుంటే జారదు. ఆ జేబు నాకు కుట్టిన టైలరుకి నేను ఏం అడుగుతున్నానో నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. మీరు ఈ పని నేర్చుకుంటే గాజువాకలోనే మీ దగ్గరకి వచ్చేవాళ్లుంటారు.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. రేపు పిల్ల పెళ్లి సంబంధాల్లో ఈ మాట వస్తుందని. వీధంతా చాటించాల్సిన పని లేదు. కానీ మీ అమ్మాయికి అబద్ధం చెప్పకండి. ఇంట్లో డ్రెయిన్ పట్టుకుని తిరిగే తల్లిని చూసి కడుపులో గడ్డ అంటే ఇంటర్ చదివే పిల్ల నమ్ముతుందా? నమ్మకపోగా, చెప్పలేనంత ఘోరం జరుగుతోందనుకుంటుంది. ఇది అంటువ్యాధి కాదు. వంశపారంపర్యంగా వచ్చేది వందలో ఐదు నుంచి పది మందికే. అయినా తల్లికి వచ్చిందని తెలిసుంటే, పెద్దయ్యాక తన పరీక్షలు ఎప్పట్నుంచి చేయించుకోవాలో ఆ పిల్ల డాక్టర్ని అడగగలదు. మామూలుగా తల్లికి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు నుంచి చేయించుకోమంటారు. మీ కుటుంబంలో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే జన్యు పరీక్ష గురించి కూడా మీ డాక్టర్ని అడగండి. దాచితే నష్టపోయేది మీ అమ్మాయే.

పైగా మీకు రోజూ ఆ డబ్బా కొలిచేవాళ్లు ఒకరు కావాలి, కుడిచెయ్యి ఎత్తలేని రోజుల్లో జడ వేసేవాళ్లు కావాలి. ఈ ఆదివారం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సంచీలు కత్తిరిస్తూ చెప్పండి. పట్టీ పొడవు దాని చేతే కొలిపించండి.